నలభై ఒకటో కవరు

పోయిన వారం చిన్న ఈరన్నను ఆపరేషన్ థియేటర్‌లోంచి బయటికి తెచ్చి, రికవరీ గదిలో మూడో మంచం మీద పడుకోబెట్టి, అక్కడే వదిలేసి వచ్చాం. పాపం, ఆ మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. ఆలూరు వైపు పల్లె అతనిది, అరవై ఆరేళ్ళు. ఎర్రగుంట్లలో సిమెంటు లారీ మీద టార్పాలిన్ పట్టా బిగిస్తూ జారిపడి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు. భార్య మద్దమ్మ పట్టుబట్టి కర్నూలు శివార్లలోని కరుణాలయం బోధనాసుపత్రికి తెచ్చుకుంది. నడుములో మత్తుసూది వేసి, కాళ్ళు మొద్దుబారాక ఎముకలోకి కడ్డీ దించారు. కోత పనంతా చక్కగానే జరిగింది.

ఆ సూది వేసింది డాక్టర్ ప్రేమజ్యోతి. మత్తు డాక్టరు చదువులో ఆమెకిది చివరి ఏడాది, ఇంకో పదకొండు వారాల్లో థీసిస్ ఇవ్వాలి. ఆ థీసిస్ సంగతి మరిచిపోయినవాళ్ళ కోసం మళ్ళీ చెప్తాను. కాలు ఆపరేషన్లకు నడుములో వేసే మందుకు తోడుగా ఇంకో మందు రవ్వంత కలిపితే, తర్వాత శానా సేపు నొప్పి రాదు. అలాంటి తోడు మందులు రెండు తీసుకున్నారు. ఒకటి ఫెంటానిల్. రెండోదాని పూర్తి పేరు పలకడానికి ఆసుపత్రిలో సగం మందికి నోరు తిరగదు, అందరూ డెక్స్ అంటారు, మనమూ అంతే అందాం. ఏది మేలో తేల్చడానికి అరవై మంది రోగులు, చెరి ముప్పై మంది.

ఎవరికి ఏది కలిపారో జ్యోతికి తెలియకూడదు. తెలిస్తే ఎంత నిక్కచ్చి మనిషైనా తనకు నచ్చిన మందు వైపే మొగ్గుతుందని ఆ నియమం. అందుకని అరవై కవర్లు చేసి, వరుసగా నంబర్లు వేసి, లోపల మందు పేరున్న చీటీలు పెట్టి అంటించారు. తెర వెనక సంతోషమ్మ సిస్టర్ ఒక్కతే కవరు చింపుతుంది, చీటీలో ఉన్న మందు కలుపుతుంది, సిరంజి మీద రోగి నంబరు మాత్రం అతికించి ఇస్తుంది. ఏ నంబరు కవర్లో ఏ మందు ఉందో రాసిన పట్టీ ప్రొఫెసర్ దేవేంద్రప్ప బీరువాలో సీలు వేసి ఉంటుంది. ప్రాణం మీదికి వస్తే తప్ప దాన్ని విప్పరు.

ఇంతవరకు దాన్ని ఒక్కసారే విప్పారు. పంతొమ్మిదో నంబరు రామలక్ష్మమ్మ, కోయిలకుంట్ల. ఆపరేషన్ అయిన రెండు గంటలకు ఆమె నాడి పడిపోయింది, ఎన్ని ఇంజెక్షన్లు వేసినా లేవలేదు. నాడిని మందగింపజేసే గుణం డెక్స్‌ది. పట్టీ విప్పి చూస్తే పంతొమ్మిదికి ఎదురుగా ఫెంటానిల్ అని ఉంది. సరే, మన మందు పాపం కాదు, ముసలి గుండె ఆగిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ మాట ఆమె కొడుకు ఉమామహేశ్‌కు చేతులు పట్టుకుని చెప్పింది ప్రేమజ్యోతే. అతను నమ్మాడు. పోయిన నెల సంచి నిండా కందులు తెచ్చి, "మా యమ్మకు కడాకు నీళ్ళు తాగిపిచ్చింది మీరే గదమ్మా" అని దండం పెట్టి పోయాడు.

అదీ సంగతి. ఇక మూడో మంచం దగ్గరికి పోదాం.

మధ్యాహ్నం రెండు కావస్తోంది. ప్రేమజ్యోతి చేతి గడియారం చూసుకుంటూ ఈరన్న ఛాతీ ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెడుతోంది. అరగంట కింద నిమిషానికి పన్నెండు. ఇప్పుడు ఎనిమిది. తప్పు లెక్కపెట్టానేమో అనుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి కూడా ఎనిమిదే వచ్చింది.

"తాతా! ఈరన్న తాతా! కండ్లు తెరువు!"

ఈరన్న కనురెప్ప కాస్త కదిలి ఊరుకుంది.

"నిద్దరపోతాండాడు లేమ్మా. మూడు దినాలాయ, కాలు నొప్పికి కన్ను మూసిందే లేదు. పోనీ, రోంతసేపు పండుకోనీ," అంది మద్దమ్మ. కొంగుతో మొగుడి మొహం మీద ఈగ తోలుతూ ఎంతో నిమ్మళంగా కూర్చుని ఉందామె.

వేలికి తగిలించిన క్లిప్పు ఎనభై ఏడు చూపిస్తోంది. ముక్కు మీది ఆక్సిజన్ చాలడం లేదు. జ్యోతి మూతి మీద మాస్కు బిగించి, బ్యాగు నొక్కుతూ ఊపిరి అందించడం మొదలుపెట్టింది. తొంభై ఐదుకు లేచింది. నొక్కడం ఆపితే మళ్ళీ జారుతోంది. కోటు జేబులో ఫోను గుర్రుమంటోంది. ఎవరో ఏమో, ఇప్పుడు తీసే తీరికెక్కడిది?

ఇలా మగతలోకి జారి ఊపిరి మందగిస్తే ముందు అనుమానం ఫెంటానిల్ మీదే. దానికి విరుగుడు ఉంది, నాలోక్సోన్. ట్రేలోనే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. కానీ ఇతనికి కలిపింది ఫెంటానిలో కాదో తెలియదే! కంటిపాపలు సూదిమొనంత అయితే ఫెంటానిల్ అని చెప్పొచ్చు. ఈరన్న రెండు కళ్ళకూ శుక్లాలు తీశారు, పాపలు వంకరగా ఉన్నాయి, వాటిని చూసి ఏమీ తేల్చలేం. ఒక్కటి మాత్రం ఆమె మనసులో మెదులుతోంది. మగతలో మునిగే ముందు ఈ మనిషి ముక్కు గోక్కున్నాడు. ఒకటికి పదిసార్లు గోక్కున్నాడు. ఫెంటానిల్ పడ్డవాళ్ళకు దురద పుడుతుంది.

కబురు అందగానే దేవేంద్రప్ప సారు సీలు కవరు పట్టుకుని ఆదరాబాదరా వచ్చాడు. ఆదోనివాడు, యాభై ఎనిమిదేళ్ళు, ఎన్ని ప్రాణాలు నిలబెట్టాడో లెక్క లేదు. కత్తెరతో కవరు అంచు కత్తిరించి, కళ్ళజోడు పైకి తోసి చదివాడు.

"నలభై ఒకటి. డెక్స్."

"డెక్సా సార్?"

"డెక్సే. ఈడ రాసుండాది, చూసుకో."

చూసింది. అలాగే ఉంది.

"అట్లయితే విరుగుడు లేదు," అన్నాడు సారు. "ఊపిరి అందిస్తా ఉండు. అదే దిగుతాది. నాలోక్సోన్ జోలికి పోవాకు. డెక్స్‌కు అది పని చేయదు, ఊరికే ముసలి గుండెను కెలికినట్లయితాది. తెల్సిందా? ఇంకా కిందికి పోతే గొంతులో గొట్టం వేద్దాం. నేను పక్క థియేటర్‌లోనే ఉంటా." పట్టీ జేబులో పెట్టుకుని బిరబిరా వెళ్ళాడు.

"ముక్కు గోక్కున్నాడు సార్" అనే మాట జ్యోతి నోటి దాకా వచ్చి ఆగిపోయింది. కాగితం మీద రాసి ఉన్నదాని ముందు ముక్కు దురద ఏం నిలబడుతుంది?

ఇప్పుడు ఊపిరి ఆరు. మద్దమ్మకు అర్థమైపోయింది. విసరడం మాని, మొగుడి పాదాలు రెండూ గట్టిగా పట్టుకుంది.

"ఏమైతాంది డాక్టరమ్మా? నా మొగునికి ఏమైతాంది? నవ్వుకుంటా పోయినాడు గదమ్మా లోపలికి!"

"ఏం కాదు పెద్దమ్మా, నేనుండాను గదా," అంది జ్యోతి. అచ్చం ఇవే మాటలు మూడు నెలల కింద ఇదే గదిలో ఇంకొకరికి చెప్పింది.

ట్రే పక్కన సంతోషమ్మ సిస్టర్ నిలబడి ఉంది. నందికొట్కూరు మనిషి. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు, నెలాఖరుకు రిటైరు. రోజూ పొద్దున్నే "వందనాలు జ్యోతమ్మా" అని పలకరిస్తే తప్ప ఆ రోజు పని మొదలైనట్లుండదు. అలాంటి మనిషి, పట్టీ చదివినప్పటి నుంచి ట్రే మీంచి చూపు ఎత్తలేదు. చేతిలోని దూది ఉండ నలిగి నలిగి పొడి అయిపోయింది.

"సిస్టర్, గొట్టం సామాను తీయండి."

సంతోషమ్మ కదల్లేదు.

"సిస్టర్!"

"వద్దమ్మా," అంది సంతోషమ్మ. "గొట్టం వద్దు. నాలోక్సోన్ ఇయ్యి."

"సారు వద్దన్నాడు గదా. పట్టీలో డెక్స్ అని..."

"ఆ పట్టీ ఈయప్పది కాదు తల్లీ. ఈయప్పకు నేను చింపింది నలభై ఒకటో కవరు కాదు."

జ్యోతి చెయ్యి బ్యాగు మీద ఆగిపోయింది. ఒక్క క్షణమే. మళ్ళీ నొక్కసాగింది.

"ఏమంటాండారు మీరు?"

"ఈయప్ప తీసింది యాభై ఆరు. దాంట్లో ఫెంటానిల్ ఉండె. నా చేత్తో నేనే కలిపినా. నా మాట నమ్ము, నీ కాళ్ళు పట్టుకుంటా."

"తీసింది అంటే? రోగి కవరు తీయడమేంది?"

"అదంతా తర్వాత చెప్తా! చీటీ ఉండాది, చూపిస్తా!" సంతోషమ్మ పరుగెత్తింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, గది చివర బల్ల దాకా పరుగెత్తి, సొరుగులోంచి నల్ల అట్ట బైబిలు తీసి, గబగబా పేజీలు తిప్పింది. ఒక చీటీ తెచ్చి జ్యోతి కళ్ళ ముందు పట్టింది. ఒకవైపు అచ్చులో ఫెంటానిల్. రెండోవైపు సంతోషమ్మ గుండ్రటి చేతిరాత. "41. చిన్న ఈరన్న. ఆలూరు తట్టు. శానా బయపడతాండాడు. ప్రభువా, తోడుండు."

కాగితం మీద కాగితం. సారు పట్టీ ఒకటి చెప్తోంది, ఈ చీటీ ఒకటి చెప్తోంది. ఏది నమ్మాలి? తప్పయితే ఎవరు జవాబుదారీ? ముక్కు గోక్కున్నాడు, ముక్కు గోక్కున్నాడని లోపల ఎవరో ఒకటే అరుస్తున్నారు. జ్యోతి ఇంక ఆలోచించలేదు.

"బ్యాగు పట్టండి. నొక్కుతా ఉండండి."

నాలోక్సోన్ పలచన చేసి, కొంచెమంటే కొంచెం ఎక్కించింది. ఒక నిమిషం గడిచింది. ఏమీ లేదు. మద్దమ్మ ఏడవడం కూడా మరిచిపోయి చూస్తోంది. ఇంకో కాస్త ఎక్కించింది. దేవుడా, దేవుడా అనుకుంటూ లెక్కపెట్టింది. ఏడు. తొమ్మిది. ఛాతీ ఒక్కసారి పెద్దగా లేచింది. పన్నెండు.

ఈరన్న కళ్ళు తెరిచాడు. మూతి మీది మాస్కును చేత్తో పక్కకు నెట్టి, చుట్టూ చూసి, గాబరాగా అడిగాడు.

"కాలుండాదా? కొట్టేసినారా?"

"ఉండాది పోరా ముసిలోడా! రెండూ ఉండాయి!" అని మద్దమ్మ మొగుడి పాదాల మీదే తల పెట్టి బోరుమంది. "సచ్చి బతికినావు, నీ పాడుగాను! లారీలెక్కడం ఇంగ మానుకుంటావా లేదా?"

జ్యోతికి నవ్వూ ఏడుపూ రెండూ కలిసి వచ్చాయి. జేబులో ఫోను మళ్ళీ గుర్రుమంది. తీయలేదు. ఈ విరుగుడు పట్టు అరగంటో ముప్పావు గంటో, ఆ తర్వాత మళ్ళీ మగత రావచ్చు, మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. అందుకని గది దాటి పోకుండా, మంచానికి అయిదడుగుల దూరంలోని సిస్టర్ల బల్ల దగ్గరికే సంతోషమ్మను పిలిచింది. ఒక కన్ను ఈరన్న ఛాతీ మీద పెట్టి అడిగింది.

"ఇప్పుడు చెప్పండి."

సంతోషమ్మ బైబిలును రొమ్ముకు ఆనించుకుని నిలబడింది.

"జనవరి ఒకటిన చర్చిలో మనం వాగ్దానం తీసుకుంటాం గదమ్మా. పెట్టెలో చెయ్యి పెట్టి ఎవురి కార్డు వాళ్ళే తీసుకుంటాం. ఏ వాక్యం వస్తే అది ఆ యేడు మనకు దేవుడు ఇచ్చింది. అట్లనే చేసినా."

"అట్లనే అంటే?"

"మొదటి రోజు ఒక పిల్లోడు వచ్చినాడు. నడుములో సూది అంటే వణికిపోతాండె. ఏం చెప్పినా ఊరుకోడు. నాకు తోచక, కవర్లన్నీ బిస్కెట్ల డబ్బాలో ఏసి, 'నాయనా, నీ మందు నువ్వే తీసుకో, నీ దేవుణ్ణి తలుచుకుని తియ్యి' అన్నా. తీసినాడు. వణుకు ఆగిపాయ. కిక్కురుమనకుండా కూచున్నాడు సూదికి. అప్పట్నుంచి అందరితోనూ అట్లనే తీయిస్తాండా. ఏసయ్యను తలిచేటోళ్ళు ఏసయ్యను తలుస్తారు, ఈరన్న స్వామిని తలిచేటోళ్ళు ఆయప్పను తలుస్తారు. నీకు కనపడకూడదని తెర కట్టినారు గదా, నువ్వు యాడ చూస్తావు?"

ప్రేమజ్యోతికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ కోపం వెనకే ఇంకేదో వచ్చి అడ్డం పడింది. తన చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకుని నిలబడి, పెట్టెలో చెయ్యి పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని కార్డు తీసిన పిల్ల తనే. ఆ కార్డులన్నీ ఇంట్లో గోడకు వరుసగా మేకులు కొట్టి తగిలించి ఉన్నాయి. చీటీ తన చేత్తో తీసుకున్నవాళ్ళకు ఎంత ధైర్యం వస్తుందో తెలియనిదా?

"వరుస తప్పకూడదని సారు మీకు చెప్పలేదా?"

"చెప్పినాడు. కవరు చింపు, దాంట్లో ఉండేది కలుపు, రోగి నంబరు అతికించు అన్నాడు. నేను కలిపింది చీటీలో ఉండేదే. అతికించింది రోగి నంబరే. సారు కాడ ఉండే పట్టీ నంబరు ప్రకారం ఉంటాదని నాకు తట్టలేదమ్మా. మొత్తం ముప్పై అది, ముప్పై ఇది ఉంటే సాలనుకున్నా."

"నలభై ఒక్క మంది!" అంది జ్యోతి. నలభై మంది ఫలితాలు పట్టీతో సరిచూసి, ఏది మేలో ఆదివారం కడపలో డాక్టర్ల సభలో దేవేంద్రప్ప సారు చెప్పబోతున్నాడు. తన థీసిస్ మూడేళ్ళ చాకిరీ. దాంట్లో ఎవరికి ఏ మందు పడిందో ఒక్క గడిని కూడా నమ్మలేం.

"చీటీలన్నీ ఉండాయి తల్లీ, ఒక్కటీ పోలేదు," సంతోషమ్మ ఆత్రంగా బైబిలు విప్పింది. "ప్రతి ఒక్కరి పేరూ వెనక రాసి పెట్టుకున్నా. దినామూ ప్రార్థన చేస్తా వాళ్ళ కోసం. సరి చేసుకోవచ్చు గదా? ఎవురికి ఏది ఇచ్చినానో దీంట్లో సక్కంగా ఉండాది."

ఉంది. కీర్తనల మధ్య, సువార్తల మధ్య, నలిగిన చిన్న చిన్న చీటీలు. జ్యోతికి కాస్త ప్రాణం లేచి వచ్చింది. సరిచేయొచ్చు. గడువు అడగొచ్చు. కష్టమే కానీ కొంప మునగలేదు.

అంతలోనే తట్టింది.

"ఎప్పట్నుంచి అట్లా తీయిస్తాండారు అన్నారు?"

సంతోషమ్మ బైబిలు మూసింది.

"మొదటి రోజు నుంచేనా? అయితే పంతొమ్మిదో నంబరు?"

సంతోషమ్మ తల దించుకుంది. కళ్ళలోంచి నీళ్ళు బైబిలు అట్ట మీద పడ్డాయి. ఆమె వాటిని తుడవలేదు.

"ఆ పొద్దు సారు పట్టీ విప్పి చదివినప్పుడు మీరు ఈడనే ఉండారు," అంది జ్యోతి. ఒక్కో మాట కూడదీసుకుంటూ అంది. "నా పక్కనే నిలబడుకోనుండారు. ఫెంటానిల్ అని సారు చదివినాడు. మీకు అప్పుడే తెల్సింది."

"తెల్సింది."

"తెల్సీ మాట్లాడలేదు!"

"నోరు రాలేదమ్మా." సంతోషమ్మ గోడకు ఆనుకుంది. "సెప్దామనే అనుకున్నా. అంతలోకే అందరూ అబ్బా అని ఊపిరి వదిలినారు. నువ్వు ఆ పిల్లోని చేతులు పట్టుకుని, మా మందు కాదప్పా అని చెప్తాండావు. ఆ పిల్లోడు కూడా నిమ్మళపడినాడు. ఆ ముసలామె యెట్లా రాదు గదా, ఇప్పుడు సెప్పి ఎవురికేం లాభం అనుకున్నా. నా రిటైర్‌మెంటు కూడా కండ్ల ముందర ఆడె, అబద్ధం యాల చెప్పాల. తొంభై దినాలాయ జ్యోతమ్మా. ఆ చీటీ ఉండే పేజీ నేను తెరవలేదు. ఈ పొద్దు మళ్ళా అదే పట్టీ, అదే మంచం. ఇంగోసారి నోరు మూసుకుంటే నేను మనిషినే కాదనిపిచ్చింది."

మంచం మీద ఈరన్న దాహమంటున్నాడు, మద్దమ్మ చెంచాతో పెదవులు తడుపుతోంది. క్లిప్పు తొంభై ఏడు చూపిస్తోంది. జ్యోతి చెయ్యి చాపింది. సంతోషమ్మ ఆ పేజీ తెరిచి, చీటీ తీసి ఇచ్చింది.

చేతిరాత వైపే పైకి ఉంది. "19. రామలక్ష్మమ్మ. కోయిలకుంట్ల. కొడుకు ఒక్కడే. ప్రభువా, తోడుండు."

తిప్పడానికి జ్యోతికి చేతులు రాలేదు. తిప్పకపోతే ఇంకా తెలియనట్లే కదా అనిపించింది. అంత చదువూ చదివి, పసిపిల్లలా అలా అనుకుంది. తర్వాత తిప్పింది.

డెక్స్.

ఆ రోజు నాడి యాభైకి వచ్చినప్పుడు తను ఎక్కడుంది? పక్క మంచం దగ్గర. నలభైకి వచ్చినప్పుడు? వస్తున్నా వస్తున్నా అంటోంది. డెక్స్ అని తెలిసి ఉంటే యాభై దగ్గరే నాడి లేపే సూది పొడిచేది కాదా? పొడిచి ఉంటే ఆమె లేచేదా? ఏమో. ఆ ఏమోనే ఇక జీవితమంతా మోయాలి. మా మందు కాదప్పా! ఎంత ధీమాగా చెప్పింది! ఆ కందులు ఇంట్లో వండుకుని తిన్నారు కూడా.

"ఏమ్మా, లేచినాడంటనే!" దేవేంద్రప్ప సారు నవ్వుతూ వచ్చాడు. ట్రేలో ఖాళీ నాలోక్సోన్ సీసా చూడగానే ఆ నవ్వు పోయింది. ఇద్దరి మొహాలూ చూశాడు, బైబిలు చూశాడు, చీటీలు చూశాడు. జ్యోతి దాచకుండా అంతా చెప్పింది. చెప్తున్నంతసేపూ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆయన మొహంలో కోపం కంటే భయమే ఎక్కువ కనిపించింది.

"ఇట్లియ్యి ఆ చీటీలు," అన్నాడు చివరికి.

"ఏం చేస్తారు సార్?"

"పట్టీలో ఉండేదే నిజం జ్యోతీ. పరిశోధన కమిటీకి ఇచ్చింది పట్టీ, ఆదివారం నేను కడపలో చూపించేది పట్టీ. చీటీలు ఎవురడుగుతారు? ఈయమ్మ నెలాఖరుకు ఇంటికి పోవాల. నువ్వు డిగ్రీ తీసుకోవాల. పోయినామె పాయ. ఆమె కొడుకు కూడా ఒప్పుకుని పోయినాడు. ఆరిన పుండు మళ్ళా రేపుతావా?" ఆయన చెయ్యి చాచాడు. "ఇయ్యమ్మా. నీ మేలుకే చెప్తాండా."

సంతోషమ్మ బైబిలు మూసి గట్టిగా పట్టుకుంది. జ్యోతి ముందు ఈరన్న కేస్ షీటు తెరిచింది. 'ఇచ్చిన తోడు మందు ఫెంటానిల్. కవరు నంబరు 56. పట్టీతో పొసగలేదు' అని రాసి, టైము వేసి, సంతకం పెట్టింది. పంతొమ్మిదో చీటీ కోటు జేబులో పెట్టుకుంది. అదే జేబులోంచి ఫోను తీసింది.

"ఎవురికి చేస్తాండావు?"

"ఉమామహేశ్‌కు సార్. నేను చెప్పిన అబద్ధం నేనే సరిచేయాల."

"జ్యోతీ, ఆగు! ఫోన్లో చెప్పే మాటనా అది?"

ఫోను తెర మీద చూస్తే, ఇందాకటి నుంచి గుర్రుమన్న కాల్స్ అన్నీ ఉమామహేశ్ నుంచే. అయినా నొక్కింది. ఒక్క రింగుకే ఎత్తాడు.

"ఉమామహేశ్, నేను ప్రేమజ్యోతిని. నీకు ఒక మాట..."

"డాక్టరమ్మా! మీకే చేస్తాండా ఇందాకట్నుంచి!" అటు నుంచి గొంతు రొప్పుతోంది. వెనక ఎవరో ఆడమనిషి మూలుగుతోంది. "మా ఇంటామె అంజలి మిద్దె మెట్ల మీద నుంచి పడిందమ్మా. తొడ ఎముక విరిగింది. నంద్యాలలో చేస్తామన్నారు, నేనే వద్దన్నా. మా డాక్టరమ్మ ఉండాది, ఆయమ్మ చేత్తోనే సూది వేయిస్తా అని కారేసుకుని వచ్చినా. మీ గేటు కాడనే ఉండాం."

"ఉమామహేశ్, ముందు నా మాట విను..."

"ఏం భయం లేదే అని చెప్తాండా దీనికి. ఒక్కటే అడుగుతాండా డాక్టరమ్మా. మా యమ్మకు కలిపిన మందే దీనికీ కలపండి. ఆయమ్మ నొప్పి అనకుండానే పోయింది."